ముద్ర లేని తూనికరాళ్లు

ఉగ్రవాద నిరోధక చట్టం ఎప్పుడు సభ ముందుకు వచ్చినా, దానిని ప్రవేశపెట్టే మంత్రివర్యులు గొంతు సవరించుకొని ఒక మాట తప్పకుండా అంటారు: దేశభద్రతకూ పౌరస్వేచ్ఛకూ మధ్య సమతూకం పాటించామని. ప్రతిపక్షం లేచి సమతూకం తప్పిందంటుంది. ఆ ప్రతిపక్షమే అధికారంలోకి వచ్చాక సమతూకం కుదిరిందంటుంది. న్యాయస్థానం కొన్నేళ్ల తరువాత తీరిక చేసుకొని, సమతూకం ఉన్నదో లేదో పరిశీలిస్తామంటుంది. ఇంతమంది పెద్దలు ఇన్నేళ్లుగా ఒకే తక్కెడ గురించి మాట్లాడుతూ ఉంటే, దాని దగ్గరికి వెళ్లి ఒక్కసారి కళ్లారా చూసి రావాలన్న కోరిక నావంటి విధేయ పౌరుడికి కలగడం సహజమే. వెళ్లి చూశాను. తక్కెడ బాగానే ఉంది. దండె నునుపుగా ఉంది, గొలుసులు గట్టివి, సిబ్బెలు రెండూ తళతళలాడుతున్నాయి. అనుమానమల్లా తూనికరాళ్ల మీదనే.

మన దేశంలో సరుకు తూచే ప్రతి రాయికీ ప్రభుత్వ ముద్ర ఉండాలి. తూనికలు, కొలతల శాఖవారు నిర్ణీత కాలానికొకసారి రాళ్లను పరీక్షించి ముద్ర వేయాలి. ముద్ర లేని రాయితో తూచినవాడు జరిమానా కట్టాలి. ఇన్‌స్పెక్టరు గారు హఠాత్తుగా వచ్చి రాయిని చేతిలోకి తీసుకొని, తిరగేసి, అడుగున పోసిన సీసంలో ముద్ర అరిగిందా లేదా అని వెలుతురుకు పెట్టి చూడడం నేను స్వయంగా చూశాను. ఉప్పు తూచే రాయి విషయంలో ఇంత పట్టుదల చూపించే రాజ్యం, మనిషి స్వేచ్ఛను తూచే రాయిని ఎవరు పోతపోశారో, దాని బరువెంతో, దానికి ముద్ర వేసిన అధికారి ఎవరో ఇప్పటివరకు చెప్పలేదు. రాజద్రోహ ఉద్దేశంతో ఈ సంగతి లేవనెత్తడం లేదని మొదటే మనవి చేసుకుంటున్నాను. వినియోగదారుడిగా మాత్రమే అడుగుతున్నాను.

సిబ్బెలలో ఏమేమి పెడతారో ముందు చూద్దాం. ఒకదానిలో దేశభద్రత ఉంటుంది. అది నూటనలభై కోట్ల మందిది కనుక బరువుగా ఉండక తప్పదు. రెండోదానిలో స్వేచ్ఛ ఉంటుంది. అది మాత్రం నూటనలభై కోట్ల మందిది కాదు, ఆ రోజు ఎఫ్ఐఆర్‌లో పేరెక్కిన ఒక్క మనిషిది. అందరినీ ఒకవైపు కూర్చోబెట్టి, ఒక్కడిని రెండోవైపు ఎక్కించి, ముల్లు ఎటు మొగ్గిందో చూశారా అనడం లెక్కల ప్రకారం తిరుగులేని పద్ధతే. నా స్వేచ్ఛలో నేనెంత వదులుకుంటే నా భద్రత ఎంత పెరుగుతుందన్నది ప్రశ్న అయి ఉంటే, కూర్చొని బేరమాడవలసి వచ్చేది. పెరుగుతుందన్న హామీ ఏదని అడగవలసి వచ్చేది. ఇక్కడ ఖర్చు అతడిది, కొనుగోలు నాది. ఇంత చవకగా వచ్చే భద్రతను వద్దనడానికి నేనేమైనా వెర్రివాడినా? ఎద్దు పుండు కాకికి నొప్పా అని పెద్దలు ఊరికే అనలేదు. ఈ వ్యవహారంలో మనమందరం కాకులం, ఎద్దుగా పుట్టే వంతు వచ్చేదాకా.

ఉగ్రవాదమంటే కచ్చితంగా ఏమిటని అడిగేవాళ్లు కొందరుంటారు. సాధారణంగా వాళ్లు పని లేనివాళ్లు. ఐక్యరాజ్యసమితిలో దీనిమీద ఒక సమగ్ర ఒడంబడిక ఉండాలని 1996లో మన దేశమే ముసాయిదా ప్రతిపాదించింది; పావు శతాబ్దం దాటినా దేశాలు నిర్వచనం దగ్గర ఒక మాటకు రాలేక అది అక్కడే ఆగి ఉంది. నిర్వచనం కుదరనందువల్ల ప్రపంచంలో ఎక్కడా ఒక్క అరెస్టు కూడా ఆగలేదని గమనించాలి. నెల్సన్ మండేలా నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు, దేశాధ్యక్షుడయ్యారు, పదవీవిరమణ కూడా చేశారు. అయినా అమెరికావారి ఉగ్రవాద నిఘా జాబితాలోంచి ఆయన పేరు తీసేయడానికి 2008లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. అప్పటికి ఆయన తొంభయ్యో పుట్టినరోజు కొద్ది రోజుల దూరంలో ఉంది. జాగ్రత్త పాటించడంలో తొందరపాటు పనికిరాదన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ చట్టాలన్నీ తాత్కాలికమైనవేనని మరిచిపోకూడదు. తాత్కాలికం అన్న మాటకు నిఘంటువులో ఒక అర్థమూ, చట్టసభలో మరొక అర్థమూ ఉన్నాయి. తెల్లదొరలు 1915లో యుద్ధకాలం కోసమని భారత రక్షణ చట్టం తెచ్చారు. యుద్ధం ముగియగానే ఆ అధికారాలు చేజారిపోతాయేమోనన్న బెంగతో 1919లో రౌలట్ చట్టం చేశారు. వకీలు లేదు, దలీలు లేదు, అప్పీలు లేదని జనం దానికి పేరు పెట్టారు. దానిని కాదన్నవారిని ఆ ఏప్రిల్‌లో జలియన్‌వాలా బాగ్‌లో ఏ తక్కెడలో తూచారో అందరికీ తెలుసు. స్వాతంత్ర్యం వచ్చాక మనవారు అటువంటి చట్టాల జోలికి పోలేదనుకుంటే పొరపాటు. 1950లో ముందస్తు నిర్బంధ చట్టాన్ని ఒక్క ఏడాది కోసమని తెచ్చారు. ఆ ఒక్క ఏడాది 1969 డిసెంబరు దాకా సాగింది. 1985 నాటి టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం రెండేళ్ల కోసం పుట్టి పదేళ్లు బతికింది. బ్రిటన్‌లో 1974లో బర్మింగ్‌హామ్ పేలుళ్ల తరువాత కొద్ది రోజుల్లోనే వచ్చిన చట్టానికి పేరులోనే తాత్కాలికం అని ఉంది. దానిని మళ్లీ మళ్లీ పొడిగిస్తూ పోయి, చివరికి 2000లో శాశ్వత చట్టం చేసుకున్నాక గాని ఊపిరి పీల్చుకోలేదు. ఇన్ని అనుభవాలు చూసినందువల్లనేమో, చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధానికని ఉన్న మన ఉపా చట్టానికి మాత్రం గడువన్నదే పెట్టలేదు. నిజాయితీ ఎక్కడున్నా మెచ్చుకోవాలి.

ఈ చట్టాల పేర్ల సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. మీసా, టాడా, పోటా, ఉపా: వింటూ ఉంటే ఇంట్లో పసిపిల్లలకు పెట్టుకున్న ముద్దుపేర్లలా లేవూ? అమెరికావారు ఇంకో అడుగు ముందుకు వేసి, ఎన్నో మాటల మొదటి అక్షరాలను ఎంతో శ్రమపడి ఏరి కూర్చి, తమ చట్టానికి దేశభక్తుడు అన్న అర్థం వచ్చేటట్టు పేట్రియట్ అని పేరు పెట్టుకున్నారు. 2001 సెప్టెంబరు దాడులు జరిగిన 45 రోజులకే అది చట్టమైంది. సెనేట్‌లో దానికి వ్యతిరేకంగా పడిన ఓటు ఒక్కటే, రస్ ఫైన్‌గోల్డ్ అనే సెనేటరుది. దేశభక్తుడికి వ్యతిరేకంగా ఓటేయడమంటే ఎవరికి మాత్రం చేతులు వస్తాయి!

చట్టం చచ్చినా ఆత్మ చావదన్నది మన వేదాంతం. 2002లో పార్లమెంటు ఉభయసభలను ఒకచోట కూర్చోబెట్టి మరీ ఆమోదించిన పోటా అనే ఉగ్రవాద నిరోధక చట్టం దుర్వినియోగమైందని, కొత్త ప్రభుత్వం 2004లో దానిని రద్దు చేసింది. రద్దు చేసిన రోజునే, 1967 నుంచి చట్టవిరుద్ధ సంఘాల పని చూసుకుంటూ ఒక మూలన కూర్చున్న ఉపాలోకి పోటాలోని ఉగ్రవాద నిబంధనలు చాలావరకు ప్రవేశించాయి. 2008లో ముంబై దాడుల తరువాత ఉపాకు ఇంకొంత బలం పెరిగింది. 2019లో సంఘాలనే కాక, విడి మనుషులను కూడా విచారణతో పని లేకుండా గెజిట్ ప్రకటనతో ఉగ్రవాదులుగా ప్రకటించే శక్తి వచ్చింది. ఒక పార్టీ ప్రభుత్వం మొదలుపెట్టిన పనిని ఇంకో పార్టీ ప్రభుత్వం ఇంత శ్రద్ధగా కొనసాగించడం మన రాజకీయాలలో వేరే ఏ రంగంలోనూ కనిపించదు. పోటాకు పార్లమెంటులో మద్దతిచ్చిన కూటమిలోని తమిళ నాయకుడు వైగో, ఒక ప్రసంగం చేసినందుకు 2002లోనే పోటా కింద అరెస్టయి పందొమ్మిది నెలలు జైల్లో ఉన్నారు. తాను మెచ్చిన తక్కెడలో తానే తూగి చూసుకునే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది?

పనిలో పనిగా ఇంకో సంగతి. అత్యవసర పరిస్థితి చేదు అనుభవం తరువాత 1978లో పార్లమెంటు 44వ రాజ్యాంగ సవరణ చేసింది. విచారణ లేకుండా మనిషిని నిర్బంధించే గడువును కుదించే క్లాజు ఒకటి అందులో ఉంది. సవరణను సభలు ఆమోదించాయి, రాష్ట్రపతి సంతకమూ అయింది. ఆ క్లాజు అమలులోకి వచ్చే తేదీని మాత్రం ప్రభుత్వం నోటిఫై చేయాలి. ఇంతవరకు ఆ తేదీ కుదరలేదు. స్వేచ్ఛను తగ్గించే ఆర్డినెన్సుకు రాత్రికి రాత్రే ముహూర్తం దొరుకుతుంది. పెంచే క్లాజుకు మాత్రం మంచిరోజు కోసం పంచాంగాలు తిరగేస్తూ ప్రభుత్వాలకు ప్రభుత్వాలే దాటిపోతున్నాయి.

ఇప్పుడు అసలు తూకం దగ్గరికి వద్దాం, అంటే బెయిలు దగ్గరికి. మామూలు నేరాలలో బెయిలు అడిగినప్పుడు న్యాయమూర్తి ఇరుపక్షాల మాటా వింటారు, పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా అని ఆలోచిస్తారు. ఉపాలో 43డి సెక్షన్ ఐదో ఉపసెక్షన్ దీనిని సుగమం చేసింది. కేసు డైరీనో అభియోగపత్రాన్నో చూసినప్పుడు ఆరోపణ ప్రాథమికంగా నిజమేనని నమ్మడానికి సహేతుకమైన కారణాలు కనిపిస్తే బెయిలు ఇవ్వరాదు. కేసు డైరీ రాసేది పోలీసులు. అభియోగపత్రం రాసేదీ పోలీసులే. వాటిలో తాము చెప్పింది నిజం కాదని వారు రాసుకోరని ఆశించవచ్చు. పైగా 2019లో సుప్రీంకోర్టు వతాలీ కేసులో ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేసింది: బెయిలు దశలో న్యాయస్థానం సాక్ష్యాధారాలను లోతుగా తూచి చూడకూడదు. చదువరులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మొత్తం వ్యవహారమే సమతూకం గురించినది. అందులో తూచడం వృత్తిగా ఉన్న ఒకే ఒక్క మనిషికి, అమ్మా నీవు తూచవద్దు, సరుకు సంచీ మీద దుకాణదారు రాసిన బరువు చదువుకో, చాలు అని చెప్పాం. సుప్రీంకోర్టే 2021లో నజీబ్ కేసులో, విచారణ ఏళ్ల తరబడి సాగనప్పుడు ఈ నిబంధన అడ్డురాదని కొంత సడలించింది. అంటే మనిషి ఎన్నేళ్లు లోపల ఉంటే అంత బరువెక్కుతాడు. తగినంత బరువెక్కాక అతడి సిబ్బె కొంచెం కిందికి దిగుతుంది. కాలమే తూనికరాయి అన్నమాట. ఇదైనా పరవాలేదు, కనీసం క్యాలెండరుకు ముద్ర అక్కరలేదు.

అభియోగపత్రం వేయడానికే 180 రోజుల గడువు దొరుకుతుంది. అది దాఖలయ్యేటప్పటికి వేల పేజీలుంటుంది. అంత లావు కట్టను చూస్తేనే ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపించడంలో వింత లేదు. ఫలితాల సంగతి అడిగేవారికి ప్రభుత్వమే లెక్క చెప్పింది. 2016 నుంచి 2019 వరకు ఉపా కింద అరెస్టయినవారు 5,922 మంది, శిక్ష పడినవారు 132 మంది అని హోంశాఖ 2021లో పార్లమెంటుకు తెలిపింది. శిక్ష పడినవారందరూ ఆ నాలుగేళ్లలో పట్టుబడ్డవారే కానక్కరలేదు, మిగిలినవారందరూ నిర్దోషులని తేలిపోనూ లేదు, చాలామంది ఇంకా వాయిదాలకు తిరుగుతూ ఉండవచ్చు. కనుక ఈ రెండంకెలను భాగించి శాతం కట్టడం సరికాదని నేనే ముందుగా ఒప్పుకుంటున్నాను. అయితే టాడా కాలం అనుభవం కూడా దీనికి దూరంగా లేదు. అప్పుడు డెబ్భై వేలకు పైగా మందిని పట్టుకున్నారు, నేరం రుజువైనవారు నూటికి ఒకరిద్దరు. కొండను తవ్వి ఎలుకను పట్టారని విమర్శకులు ఎగతాళి చేస్తారు. వాళ్లకు అర్థం కానిదేమిటంటే, ఇక్కడ తవ్వడమే ప్రయోజనం. శిక్ష వేయాలంటే నేరం రుజువు కావాలి. నిర్బంధానికి ఆ ఇబ్బంది లేదు.

నిర్బంధంలో ఉన్నవారిని రాజ్యం ఎంత అపురూపంగా చూసుకుంటుందో కూడా చెప్పాలి. 1976లో ఏడీఎం జబల్‌పూర్ కేసులో, అత్యవసర పరిస్థితిలో అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించే హక్కు పౌరుడికి లేదని సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తేల్చింది. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. మెజారిటీలో ఉన్న జస్టిస్ బేగ్, నిర్బంధితులకు మంచి వసతి, మంచి భోజనం, మంచి ఆదరణ దొరుకుతున్నాయని, వారిమీద అధికారులు చూపే శ్రద్ధ దాదాపు తల్లిప్రేమ వంటిదని తీర్పులో రాశారు. ఆ తీర్పును 2017లో గోప్యతా హక్కు కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది గాని, తల్లిప్రేమను ఎవరూ రద్దు చేయలేదు.

ఆ ప్రేమ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూపిస్తాను. 2020 అక్టోబరులో, మహారాష్ట్రలోని భీమా కోరేగావ్ హింస వెనుక మావోయిస్టు కుట్ర ఉందంటూ ఉపా కింద పెట్టిన కేసులో, రాంచీ నుంచి స్టాన్ స్వామి అనే జెసూట్ క్రైస్తవ మతగురువును అరెస్టు చేసి నవీ ముంబైలోని తలోజా జైలుకు తెచ్చారు. వయసు 83. పార్కిన్సన్ వ్యాధి. ఆ వ్యాధి ఉన్నవారి చేయి వణుకుతుంది. గ్లాసు నోటి దాకా వెళ్లేలోపల నీళ్లు సగం చొక్కా మీద పడతాయి. అందుకని ఆయన మూత ఉన్న సిప్పరుతో, స్ట్రాతో తాగేవారు. తన సిప్పరు, స్ట్రా తనకు ఇప్పించమని నవంబరు 6న కోర్టును అడిగారు. జవాబు చెప్పడానికి దర్యాప్తు సంస్థ ఇరవై రోజుల గడువు కోరింది. ఇరవై రోజులు పూర్తయ్యాక, అవి మా దగ్గర లేవు, మేము స్వాధీనం చేసుకోనే లేదు అని చెప్పింది. అప్పుడు కోర్టు జైలు అధికారులను వివరణ అడిగి మరో తేదీ వేసింది. తొందరపడి దీనిని క్రూరత్వమనడం తగదు. ప్లాస్టిక్ గొట్టం ఒకటి జాతి సమగ్రతకు ఏ మేరకు ముప్పు తేగలదో, దాని రెండు చివరలలో ఏది దేశం లోపలికి, ఏది వెలుపలికి తెరుచుకుంటుందో నిగ్గు తేల్చడానికి ఇరవై రోజులు ఏమంత ఎక్కువ? మరుసటి ఏడాది జూలై 5న బొంబాయి హైకోర్టులో ఆయన బెయిలు పిటిషన్ విచారణకు వచ్చింది. ఆయన ఆ మధ్యాహ్నమే ఆసుపత్రిలో చనిపోయారని కోర్టుకు తెలియజేశారు. ఆ తూకం అలా ముగిసింది.

మన న్యాయవ్యవస్థ నత్తనడక నడుస్తుందని నిందించేవారికి కూడా ఒక జవాబు ఉంది. అమలాపురంలో పుట్టి, ఢిల్లీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన జి.ఎన్. సాయిబాబా శరీరం తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీకి పరిమితమైనది. మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఆరోపణపై 2014లో అరెస్టయి, 2017లో యావజ్జీవ శిక్ష పడి, నాగపూర్ జైల్లో ఉన్న ఆయనను 2022 అక్టోబరు 14న, శుక్రవారం, బొంబాయి హైకోర్టు విడుదల చేయమంది. మరునాడు శనివారం, సెలవు. అయినా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చొని ఆ తీర్పును నిలిపివేసింది. కుర్చీలోంచి లేవలేని మనిషి ఆదివారం లోపల ఎంత దూరం పారిపోగలడో అంచనా వేయడం సామాన్యులకు సాధ్యం కాదు. అందుకే ఉన్నత స్థానాలున్నాయి. కేసు మళ్లీ హైకోర్టుకు వెళ్లి, 2024 మార్చి 5న ఆయన మళ్లీ నిర్దోషి అయ్యారు. అక్టోబరులో హైదరాబాదు ఆసుపత్రిలో మరణించారు. రెండుసార్లు నిర్దోషిగా తేలి, బయట ఏడు నెలలు బతికారు.

విదేశాలలో తూకం ఇంతకంటే నాణ్యంగా ఉంటుందని భ్రమపడేవారి కోసం కొన్ని ముక్కలు. 2005లో బ్రిటన్ పాలకపక్షం మహాసభలో మంత్రి ఇరాక్ యుద్ధాన్ని సమర్థిస్తూ ఉంటే, వాల్టర్ వోల్ఫ్‌గాంగ్ అనే 82 ఏళ్ల పార్టీ సభ్యుడు చెత్త మాట అని అరిచారు. ఆయనను లేవదీసి బయటికి పంపారు. తిరిగి లోపలికి రాబోతే ఉగ్రవాద చట్టం కింద ఆపారు. చిన్నతనంలో హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకొని వచ్చిన మనిషి ఆయన, కాబట్టి భద్రతా ఏర్పాట్ల విలువ ఆయనకు కొత్తగా నేర్పనక్కరలేదు. 2008లో ఐస్‌లాండ్ బ్యాంకు కుప్పకూలినప్పుడు బ్రిటన్ దాని ఆస్తులను స్తంభింపజేసింది ఉగ్రవాద నిరోధక చట్టంతోనే. కొన్నాళ్లు ఆ బ్యాంకు పేరు అల్ ఖైదా, తాలిబన్ల సరసన అధికారిక జాబితాలో వెలిగింది. అదే దేశంలో 2009–10లో అనుమానానికి కారణం చూపనక్కరలేని సెక్షన్ కింద లక్షా వెయ్యి మందికి పైగా మనుషులను వీధిలో ఆపి సోదా చేశారు. వారిలో ఉగ్రవాద నేరానికి అరెస్టయినవారి సంఖ్య సున్నా. అమెరికాలో ఎడ్వర్డ్ కెన్నెడీ అంతటి సెనేటరును 2004లో విమానాశ్రయాలలో పలుమార్లు ఆపేశారు, ఆయన పేరును పోలిన పేరొకటి జాబితాలో ఉన్నందుకు. దేశమంతా ముఖం గుర్తుపట్టే మనిషి, స్వయంగా పైవారితో మాట్లాడి, దానిని సరిచేయించుకోవడానికి వారాలు పట్టింది. ముఖం ఎవరూ గుర్తుపట్టనివాడి సంగతి ఊహకు వదిలేస్తున్నాను.

వెటకారం కాసేపు పక్కన పెట్టి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను బాంబులను తేలిక చేస్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు. 2008 నవంబరులో ముంబైలో 166 మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో హైదరాబాదులో ఒకే సాయంత్రం రెండు పేలుళ్లు 42 మందిని బలిగొన్నాయి. భద్రత కావాలనుకోవడం తప్పు కాదు, అది బతుకు. ముంబైలో ప్రాణాలతో చిక్కిన కసబ్ తుపాకీ పట్టుకొని నడుస్తుండగా కెమెరాకు దొరికినవాడు. అయినా అతడికి వకీలునిచ్చారు, సాక్షులను విచారించారు, అప్పీలు సుప్రీంకోర్టు దాకా విన్నారు, నాలుగేళ్లలో అంతా పూర్తి చేసి 2012 నవంబరులో ఉరితీశారు. సాక్ష్యం ఉన్నచోట విచారణ ఎంత త్వరగా నడుస్తుందో అది చూపించింది. భీమా కోరేగావ్ కేసులో అరెస్టులు 2018లో మొదలైతే ఆరేళ్లు గడిచినా సాక్షుల విచారణ ప్రారంభం కాలేదు. ఈ రెండు వేగాలనూ పక్కపక్కన పెట్టి చూసినవారికి, తక్కెడలో పెట్టింది భద్రతేనా అన్న సందేహం రాకమానదు.

2002లో గుజరాత్‌లోని అక్షరధామ్ ఆలయం మీద దాడి జరిగి ముప్ఫై మందికి పైగా చనిపోయారు. పోటా కింద ఆరుగురికి శిక్ష పడింది, ముగ్గురికి ఉరి. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆ ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేసి, దర్యాప్తు తీరును గట్టిగా తప్పుపట్టింది. వారి సిబ్బెలో పోయిన సంవత్సరాల లెక్క వేయవచ్చు. రెండో సిబ్బెలో మన భద్రత పేరుతో అన్నాళ్లూ ఉన్నదేమిటి? తప్పుడు మనుషులు లోపల ఉన్నంతకాలం అసలు కుట్రదారుల కోసం వెతికే పని ఎవరికీ లేదు. అంటే వారి స్వేచ్ఛా పోయింది, నా భద్రతా రాలేదు. సరుకు ఇవ్వకుండానే డబ్బు తీసుకున్న దుకాణం అది. అయినా ఇన్నాళ్లూ ముల్లు నిటారుగా నిలబడి ఉందని, సమతూకం అద్భుతంగా ఉందని మనకు చెబుతూ వచ్చారు. రెండు సిబ్బెలూ ఖాళీగా ఉన్నప్పుడు ఏ తక్కెడ ముల్లైనా నిటారుగానే ఉంటుంది.

కనుక నా సవినయ సూచనలు ఇవి. మొదటిది, ఇటువంటి బిల్లుకు చేయెత్తే ప్రతి సభ్యుడూ ఓటింగుకు ముందు 180 రోజులు నమూనాగా లోపల ఉండి రావాలి. బరువు తెలియకుండా తూకం గురించి మాట్లాడడం వారికే మర్యాద కాదు. సమావేశాలు జరిగే రోజులు ఎలాగూ తక్కువే, సభాకార్యక్రమాలకు అంతరాయం ఉండదు. రెండోది, నిర్దోషిగా బయటపడినవారికి లోపల గడిపిన ప్రతి ఏడాదికీ ఒక ఏడాది వయసు తగ్గించి ఇవ్వాలి. అది సాధ్యం కాదని ఆర్థికశాఖ అభ్యంతరం చెబితే నష్టపరిహారంతో సరిపెట్టవచ్చు. అది ఇంకా అసాధ్యమని చెబుతారని నాకు తెలుసు. మూడోది ముఖ్యమైనది. తూనికలు, కొలతల శాఖ ఇన్‌స్పెక్టరును ఏడాదికొకసారి ఈ తక్కెడ దగ్గరికి కూడా పంపాలి.

ఆయన వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో నేను కొంత ఊహించగలను. రాయి చూపించమంటారు. జాతీయ భద్రత దృష్ట్యా రాయిని బహిరంగంగా చూపలేమని, న్యాయమూర్తికి మాత్రం సీల్డ్ కవర్‌లో సమర్పించామని జవాబు వస్తుంది. 2023లో మీడియావన్ చానల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సీల్డ్ కవర్ పద్ధతిని తప్పుపట్టిందని, జాతీయ భద్రత వాదనను గాలిలోంచి పుట్టించలేరని అన్నదని ఇన్‌స్పెక్టరు గుర్తు చేస్తారు. ఆ తీర్పు ఆ కేసుకే వర్తిస్తుందని చెప్పి, ఆయన కూర్చోవడానికి కుర్చీ వేయిస్తారు. కాసేపటికి కవరు తెచ్చి దూరం నుంచి చూపిస్తారు. ఆయన అలవాటు ప్రకారం దానిని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తారు. లోపల రాయి ఉందో, కాగితం ఉందో, ఏమీ లేదో తెలియదు. కాని కవరు మూత మీద ఎర్రటి లక్కలో మూడు సింహాల ముద్ర ఉంటుంది, ఎక్కడా అరగకుండా, స్పష్టంగా. ఆయన తన రిజిస్టరు తెరిచి, ముద్ర ఉన్నది అని రాసుకొని, సంతకం చేసి వెళ్లిపోతారు.